కడప దగ్గర బావగారి తోటలో భూమి కుంగింది. మన కోనసీమ కింద కూడా సున్నపురాయి ఉందంటున్నారు, భయపడాలా?

కొత్తపేట_కొబ్బరితోట రాశారు:

అందరికీ నమస్కారమండి. మా బావగారు కొన్నేళ్ళుగా కడప వైపు బత్తాయి తోట కౌలుకి చేస్తున్నారు. మొన్న వాయుగుండం వానలకి తోటలో మోటారు షెడ్డుకి కాస్త ఇవతల నేల గుండ్రంగా కుంగిపోయింది. పైన రెండు బారల వెడల్పు, లోతు ఒకటిన్నర నిలువు ఉంటుందని అంచనా. అంచులు నిట్టనిలువుగా ఉన్నాయి. ఒక చెట్టు వేళ్ళతో సహా లోపలికి ఒరిగింది, డ్రిప్ పైపు గుంత మీద గాల్లో వేలాడుతోంది. విచిత్రం ఏంటంటే అంత వాన పడినా గుంతలో చుక్క నీరు నిలవలేదు. అడుగున ఎటో పోతోంది.

అక్క, పిల్లలు ఆ తోటలోనే రేకుల ఇంట్లో ఉంటారు. షెడ్డుకీ ఇంటికీ మధ్య దూరం ఎక్కువ లేదు. గుంత పూడ్చేసి మామూలుగా ఉండొచ్చా, ఖాళీ చేయించాలా?

ఇంకో సంగతి. ఈ మాట ఇంట్లో నడుస్తుండగా మా తమ్ముడు, చమురు బావుల కాగితాల్లో 'భీమనపల్లి లైమ్‌స్టోన్' అని పేరుందని చెప్పాడు. భీమనపల్లి అంటే మన ఉప్పలగుప్తం మండలంలో ఊరే. మన కింద కూడా సున్నపురాయి ఉందని తెలిసినప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

రాతిపొరలు రాశారు:

ముందు అక్కగారి సంగతి. ఈ రాత్రి నుంచే పిల్లల్ని తీసుకుని ఊళ్ళో ఎవరింట్లోనైనా పడుకోమనండి. గుంత కుంగడం ఆగిందో లేదో తేలేదాకా ఆ షెడ్డు దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. మోటారు ఆపాలంటే దూరంగా ఉన్న స్తంభం దగ్గరే ఫ్యూజు తీయించండి. అంచు దగ్గర నిలబడి ఫోటోలు తీయడం అస్సలు వద్దు. పైకి గట్టిగా కనిపించే అంచు కింద లోపల ఖాళీ ఉండి ఉంటుంది. నోరు చిన్నది, కడుపు పెద్దది అనుకోండి.

ఇక భీమనపల్లి. మీ తమ్ముడు చెప్పింది నిజమే. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రాతిపొరలకి మన ఊళ్ళ పేర్లే పెట్టారు. పాలకొల్లు, పాశర్లపూడి, రాజోలు, చింతలపల్లి, మత్స్యపురి, అన్నీ ఉన్నాయి. భీమనపల్లి సున్నపురాయి ఇయోసీన్ కాలంలో, అంటే సుమారు నాలుగు కోట్ల ఏళ్ళకి ముందు, ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉన్నప్పుడు ఏర్పడింది. కానీ అది మన కాళ్ళ కింద కిలోమీటరుకి మించిన లోతులో ఉంది. దాని మీద బంకమట్టి రాళ్ళు, ఇసుకరాళ్ళు, అన్నిటికంటే పైన గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. వాన నీరు అంత లోతుకి దిగి ఆ రాయిని కరిగించి తిరిగి బయటికి వెళ్ళే దారి లేదు. సింక్‌హోల్, అంటే మీ బావగారి తోటలో పడినలాంటి గుంత, పడాలంటే నేలకి దగ్గర్లో బొరియలున్న రాయి, దాని మీద పల్చటి మట్టి, ఆ మట్టిని కిందికి లాక్కుపోయే నీటి కదలిక, మూడూ ఒకచోట ఉండాలి. కోనసీమలో ఆ మూడూ కలవవు. అమ్మగారిని నిశ్చింతగా పడుకోమనండి.

కడపలో మాత్రం మూడూ ఉన్నాయి.

బుగ్గవంక రాశారు:

అన్నా, నాది కడప. మీ బావ తోట ఏ పక్కో చెప్పలేదు గానీ, ఇది మా దగ్గర కొత్త కాదు. 2015 నవంబరులో వానలు దంచి కొట్టినాక చింతకొమ్మదిన్నె మండలంలో నాయనోరిపల్లె చుట్టుపక్కల నేల ఎక్కడపడితే అక్కడ గుండ్రంగా కుంగింది. పొలాల్లో, చీనీ (బత్తాయి) తోటల్లో గుంతలు. ఊరోళ్ళు బెదిరిపోయినారు. భూగర్భ శాస్త్రవేత్తలు వచ్చి చూసి, కింద సున్నపురాయి ఉంది, దాంట్లో ఖాళీలున్నాయి, పై మట్టి వాటిలోకి దిగిపోతోంది అని చెప్పినారు.

మాకు అర్థం అయింది ఏమంటే, వానలకి ముందు ఏళ్ళ తరబడి కరువు. ఒక బోరు ఎండితే ఇంకా లోతుకి ఇంకో బోరు. అందరూ పోటీ పడి వేసినాం. నీళ్ళు అడుక్కి పోయినాయి. ఆ తర్వాత ఒక్కసారిగా వాన. ఎండకి బీటలిచ్చిన నేలలోకి అంత నీళ్ళూ ఒకేసారి దిగినాయి. మీ బావ గుంత కూడా బోరు దగ్గరే పడింది కదా. ఆ బోరు ఈ మధ్య బురద నీళ్ళు పోసిందేమో అడగండి.

కొత్తపేట_కొబ్బరితోట రాశారు:

బుగ్గవంక గారూ, ఫోన్ చేసి అడిగానండి. మీరన్నట్టే, గుంత పడడానికి ముందు బోరు ఎర్రగా మట్టి నీళ్ళు పోసిందట. వానకి అలాగే వస్తుందిలే అని ఊరుకున్నారు. ఇంకోటి కూడా తెలిసింది. షెడ్డు పక్కన ఉన్న నీళ్ళ తొట్టికి అడుగున పగులు ఉంది. రోజూ కారుతున్నా పట్టించుకోలేదు. ఆ నీరు పారి ఇంకేది సరిగ్గా ఇప్పుడు కుంగిన చోటే.

అక్క, పిల్లలు ఊళ్ళోకి వచ్చేశారు. బావగారు మాత్రం తోట వదిలి రానంటున్నారు, కాపు మీద ఉంది కదండీ.

రాతిపొరలు రాశారు:

ఆ తొట్టి, ఆ మట్టి నీళ్ళు, రెండూ చాలా పెద్ద ఆనవాళ్ళు. కాస్త వివరంగా చెప్తాను, బావగారికి చదివి వినిపించండి.

వాన నీరు గాల్లోంచి, అంతకంటే ఎక్కువగా మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాయి పగుళ్ళ వెంట దిగుతూ వేల, లక్షల ఏళ్ళలో పగుళ్ళని సందులుగా, సందుల్ని సొరంగాలుగా చేస్తుంది. బెలూం గుహలు అలా ఏర్పడినవే. 3,229 మీటర్ల పొడవున కొలిచిన గుహ అది. లోపలికి దిగే దారి చూశారా? బావిలా కనిపించే గొయ్యి. ఆ గొయ్యి ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు. పాత సింక్‌హోల్ నోట్లోంచే మనం మెట్లు దిగి గుహలోకి వెళ్తున్నాం.

కాబట్టి బావగారి తోట కింద రాయి నిన్న కరిగింది కాదు. ఖాళీ ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు కదిలింది పైనున్న మట్టి. బియ్యం బస్తాకి అడుగున చిల్లు పడితే పైన గుంత పడుతుంది చూడండి, అదే పని. అయితే మట్టికి జిగురు ఉంటుంది గనక వెంటనే పైదాకా కుంగదు. అడుగు మట్టి కొంచెం కొంచెంగా రాలుతూ లోపల గుమ్మటంలాంటి ఖాళీ పెరుగుతుంది. పైన గడ్డి, చెట్టు, తోవ అన్నీ మామూలుగానే ఉంటాయి. పైకప్పు పల్చబడి బరువు మోయలేని రోజున ఒక్కసారిగా దిగిపోతుంది.

నీటిమట్టం సంగతి ఇక్కడే వస్తుంది. ఖాళీలో నీరు నిండి ఉన్నంతకాలం ఆ నీరే పైమట్టిని కొంత మోస్తుంది. బోర్లు తోడేసి నీటిని రాతి లోపలికి దించితే ఆ ఊతం పోతుంది, పైనుంచి దిగే నీరు మట్టిని మరింత జోరుగా లాక్కుపోతుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 2010 జనవరిలో మంచు నుంచి స్ట్రాబెర్రీ పంటని కాపాడుకోడానికి రైతులు మొక్కల మీద నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి బోర్లు ఆపకుండా నడిపారు. భూగర్భజలం సుమారు 60 అడుగులు పడిపోయింది. ఆ కొద్దిరోజుల్లోనే వందకి పైగా సింక్‌హోల్స్ పడ్డాయి. రైతు చేసింది నేరం కాదు, పంట కాపాడుకున్నాడు. కానీ ఆ నేలకి అదే గండం అయింది. ఇంకా ఘోరం 1962 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో జరిగింది. బంగారు గనిలో నీరు తోడేస్తూ పోయారు. పైనున్నది డోలమైట్ నేల, సున్నపురాయికి దగ్గర చుట్టం. గని మీద ఉన్న క్రషర్ కట్టడం మొత్తం భూమిలోకి దిగిపోయి 29 మంది చనిపోయారు.

బావగారు తోటలోకి పగలు వెళ్ళినా, గుంత వెడల్పుకి కనీసం రెండు మూడింతల దూరంలో చుట్టూ తాడు కట్టించి దానికి బయటే ఉండమనండి. ఆ తాడు లోపల కొత్త పగుళ్ళు గుండ్రంగా విచ్చుతున్నాయా, చెట్లు, స్తంభాలు ఒరుగుతున్నాయా, ఎక్కడైనా ఒక వలయంలో మాత్రమే ఆకు వాడుతోందా, ఇవి చూసుకోవాలి. తొట్టి ఈరోజే ఖాళీ చేయించాలి.

కాలవగట్టు రాశారు:

నేను నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యాను. సున్నపురాయి నా సబ్జెక్టు కాదు గానీ, రాతిపొరలు గారు చెప్పిన మట్టి నడక మాత్రం మా గట్ల మీద రోజూ చూసిందే. ఏటిగట్టుకి బుంగ పడడం అంటే అదే. ఎలక బొరియో, ఎండ్రకాయ బొక్కో, కుళ్ళిపోయిన చెట్టు వేరో దారి ఇస్తుంది. వరద గట్టుని తాకి నిలబడగానే నీరు ఆ దారి పట్టి ఒక్కో ఇసుక రేణువునీ మోసుకుపోతుంది. గట్టు అవతల పొలంలో నీరు తేటగా ఊరుతున్నంతసేపు మేము కంగారుపడం. ఊట బురదగా మారిందంటే మాత్రం ఇక పరుగే. లోపల మట్టి పోతోందని అర్థం. మీ బావగారి బోరు మట్టి నీళ్ళు పోయడం నాకు అలాగే వినిపించింది.

ఊటలో ఇసుక ఉబికితే దాన్ని మూసేయకూడదు. చుట్టూ ఇసుక బస్తాలతో రింగు కట్టి, లోపల నీటిని కొంత ఎత్తుకి నిలబెట్టాలి. ఆ బరువుకి అవతలి జోరు తగ్గి, తేట నీరు మాత్రం వస్తుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు ఎన్నిచోట్ల తెగాయో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. 2022 జులైలో సుమారు 25 లక్షలు పైన వచ్చినప్పుడు కూడా లంకల గట్ల మీద రాత్రంతా లాంతర్లు, టార్చీలతో తిరిగింది బుంగల కోసమే.

అందుకే డెల్టాలో ఉన్నవాళ్ళకి నా మాట. కొత్తపేట గారి అమ్మగారు భీమనపల్లి రాయి గురించి కాకుండా, ఇంటి వెనక ఫిల్టర్ పాయింట్, అంటే ఇసుక పొరలోకి దించిన తక్కువ లోతు బోరు, గురించి కనుక్కోవాలి. పాత బోరు జల్లెడ పైపు చిరిగి నీళ్ళతో ఇసుక కూడా వస్తోందా? బకెట్ అడుగున రోజూ ఇసుక పేరుకుంటే ఆ ఇసుక ఎక్కడ నుంచి వస్తోంది? ఇంటి కింద నుంచి. బోరు గొట్టం చుట్టూ గచ్చు కుంగడం, గోడకి ఏటవాలు పగులు రావడం ఎన్ని ఇళ్ళలో చూశానో. చెత్తతో పైపైన పూడ్చిన పాత నుయ్యి మీద గది కట్టినా అంతే.

లంకవాసి రాశారు:

అందరూ రాయి, మట్టి అంటున్నారు. మరి గ్యాస్ సంగతి? 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్, అదే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మి అంటుకోవడం, నా కళ్ళారా చూశాను. రెండు నెలలకి పైగా మండింది. అంత గ్యాస్ తోడేస్తుంటే కింద ఖాళీ కాదా? రేపు కోనసీమ మొత్తం కూలిపోదని గ్యారంటీ ఎవరిస్తారు? రాతిపొరలు గారు అమ్మగారిని పడుకోమనడం తేలికే.

రాతిపొరలు రాశారు:

లంకవాసి గారూ, మీ ఆందోళన న్యాయమైనదే. పాశర్లపూడి చూసినవాళ్ళు మర్చిపోలేరు. అయితే రెండు వేర్వేరు ప్రమాదాలు ఉన్నాయి, వాటిని కలిపేస్తే అడగాల్సిన ప్రశ్న పక్కకి పోతుంది.

గ్యాస్ ఉండేది గుహల్లో కాదు. ఎక్కువగా ఇసుకరాతి రేణువుల మధ్య సన్నటి సందుల్లో, గొప్ప ఒత్తిడిలో ఉంటుంది. తోడినప్పుడు ఒత్తిడి తగ్గి ఆ పొర కొద్దిగా నలుగుతుంది. పైన అది ఒక గుంతలా కనిపించదు, విశాలమైన ప్రాంతం మొత్తం చాలా నెమ్మదిగా దిగుతుంది. నేల సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న మన డెల్టాకి ఆ కాస్త దిగడం కూడా చిన్న విషయం కాదు. పైన డ్యాములు కట్టాక గోదావరి తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది. నేల దిగుతూ ఉండి, పైన కొత్త మట్టి చేరకపోతే ఉప్పునీరు లోపలికి వస్తుంది. అంతర్వేది, ఉప్పాడ తీరాల కోత అందరం చూస్తున్నదే. కాబట్టి అడగాల్సింది 'మా ఊరు గుంతలో పడుతుందా' అని కాదు, 'మా మండలంలో నేల ఎత్తు ఏటా కొలుస్తున్నారా, ఆ అంకెలు జనానికి చెప్తారా' అని. అది అడగండి, గట్టిగా అడగండి, నేనూ మీతో ఉంటాను.

లంకవాసి రాశారు:

ఆ అంకెలు బయటపెట్టమని అడుగుదాం, ఒప్పుకున్నాను. మురుగు కాలవలు వెనక్కి తన్నడం ప్రతి ఏడూ పెరుగుతోంది, అది కూడా ఇందులో భాగమే అనుకుంటున్నాను.

దుద్దుకూరు_మాస్టారు రాశారు:

డెల్టా మొదట్లో, రాజమండ్రి చుట్టూ మాత్రం సున్నపురాయి నేల పైకే కనిపిస్తుంది. కాతేరు, పంగిడి, మా దుద్దుకూరు దగ్గర క్వారీల్లో చూడొచ్చు. కింద ఒక నల్లరాతి లావా పొర, పైన ఇంకో లావా పొర, నడుమ సముద్రపు గుల్లలున్న సున్నపురాయి పొర. డెక్కన్ లావా ఇక్కడిదాకా పారి వచ్చిందన్నమాట. డైనోసార్లు అంతరించిన కాలానికీ ఈ లావాలకీ సంబంధం తేల్చడానికి గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఈ క్వారీల రాళ్ళనే పరీక్షించి 2008లో ప్రచురించింది. అంత విలువైన చోటు. ఇక్కడి సున్నపురాయి పొర పల్చటిది, రెండు లావాల మధ్య ఇరుక్కుంది. కడపలా గుంతలు పడతాయని నేను భయపడను.

నా భయం రాళ్ళు రాలడం గురించి. వదిలేసిన క్వారీ గోడలు ఇళ్ళకంటే ఎత్తున నిలువుగా ఉన్నాయి. నడుమ ఉన్న మెత్తటి పొర వానకి, ఎండకి త్వరగా అరిగి లోపలికి పోతుంది. పైన ఉన్న నల్లరాయి అరుగులా ముందుకు పొడుచుకొచ్చి నిలబడుతుంది. దానికి నిలువునా పగుళ్ళు. ఆ పగుళ్ళలో రావి మొక్క వేళ్ళు. వానాకాలంలో పగులు నిండా నీరు చేరితే ఆ నీటి ఒత్తిడే రాతిని బయటికి తోస్తుంది. ఒక రోజు ఏ చప్పుడూ లేకుండా ఆటో అంత రాయి ఊడి పడుతుంది. ఎండాకాలం సెలవుల్లో మా పిల్లలు ఆ క్వారీ గుంటల్లో ఈతకి దిగుతారు, గోడ నీడలో బట్టలు పెట్టుకుంటారు. ఎంత చెప్పినా వినరు. వాళ్ళని ఒకసారి తీసుకెళ్ళి గోడ చూపించాను. పాత రాతి ముఖం నల్లగా మాసి ఉంటుంది. మధ్యలో ఒకచోట తెల్లగా, పదునుగా కొత్త మచ్చ. కింద దానికి సరిపోయే ముక్క పడి ఉంది, ఇంకా దుమ్ము కూడా పోలేదు. అది చూశాక కొందరు అటు వెళ్ళడం మానేశారు.

నాపరాళ్ళ_మేస్త్రి రాశారు:

మాస్టారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నేను బేతంచెర్ల వైపు నాపరాయి క్వారీల్లో పనిచేసి వచ్చిన వాడిని, ఊరు రావులపాలెం దగ్గర. మన ఇళ్ళల్లో పరిచే కడప రాళ్ళన్నీ ఆ సున్నపురాయే. అక్కడ పొర మీద పొర ఉంటుంది. కింది పొర తీసేశాక పై పొర గాల్లో నిలబడుతుంది. బ్లాస్టింగ్ అయ్యాక వదులు రాళ్ళని గడ్డపారతో పైనుంచి దించకుండా కింద పని మొదలెట్టకూడదు. కానీ తొందరలో మొదలెడతారు. గడ్డపారతో కొడితే గట్టి రాయి ఖంగుమంటుంది, వదులు రాయి బోలుగా డబడబమంటుంది. పాత పనివాళ్ళు చెవితోనే చెప్పేస్తారు.

ఎక్కువ ప్రమాదం పనివేళ కాదండి, అన్నం వేళ. మిట్టమధ్యాహ్నం ఎండకి నీడ ఎక్కడుంటుంది? గోడ కిందే. క్యారేజీలు విప్పుకుని అక్కడే కూర్చుంటారు, అక్కడే కునుకు తీస్తారు. పొద్దుట్నుంచి కాగిన రాయి సాగుతుంది, సాయంత్రం చల్లబడి ముడుచుకుంటుంది, రోజూ ఇదే. వాన పడి ఎండ కాసిన రోజు మరీ. హెల్మెట్ చిన్న రాయికి పనికొస్తుంది, పలక ఊడితే ఏ హెల్మెట్టూ కాపాడదు. గోడని మెట్లు మెట్లుగా బెంచీలు తీయాలని గనుల భద్రత నిబంధనల్లో ఉంది. బెంచీ వదిలితే రాయి పోతుందని యజమానులు లెక్కేసుకుంటారు. మన కుర్రాళ్ళు పిడుగురాళ్ల, జగ్గయ్యపేట వైపు పనికి వెళ్తున్నారు. వెళ్ళే ముందు వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఒక్క మాట చెప్పి పంపండి, అన్నం గోడ కింద తినొద్దని. నీడ లేకపోతే లారీ పక్కన కూర్చోమనండి.

అమలాపురం_ప్రవాసి రాశారు:

నేను మలేషియాలో ఉంటున్నాను. 2024 ఆగస్టులో కౌలాలంపూర్ మస్జిద్ ఇండియా వీధిలో ఫుట్‌పాత్ కుంగి మన ఆంధ్ర నుంచి వచ్చిన పర్యాటకురాలు పడిపోయిన సంగతి అందరూ వినే ఉంటారు. రోజుల తరబడి వెతికినా ఆమె దొరకలేదు. నగరంలో చాలా భాగం కింద సున్నపురాయి ఉంది, అలాగే పాత మురుగు పైపులూ ఉన్నాయి. ఇక్కడి నుంచి ఇపో వెళ్తే ఊరి నడుమే సున్నపురాతి కొండలు నిలువుగా లేచి ఉంటాయి. 1973లో గునుంగ్ చెరో అనే కొండ పక్క పెద్ద రాతిపలక విరిగి కింద ఉన్న ఇళ్ళ వరస మీద పడింది. నలభై మంది దాకా పోయారు. ఇప్పుడు అక్కడ కొండకి ఎంత దూరంలో ఇల్లు కట్టొచ్చో హద్దులు పెట్టారు. అందుకే అడుగుతున్నాను, మా మేనకోడలి స్కూలు వాళ్ళు బొర్రా గుహలకి తీసుకెళ్తున్నారు. పంపొచ్చా? గండికోట కూడా ఇలాంటిదేనా?

రాతిపొరలు రాశారు:

బొర్రాకి పంపండి, చూడాల్సిన చోటు. పర్యాటకుల దారి, దీపాలు, రెయిలింగ్ ఉన్నాయి. దారి దాటి గోడల దగ్గరికి వెళ్ళనివ్వకుండా టీచర్లు చూసుకుంటే చాలు. అక్కడ గుహ పైకప్పుకి ఉన్న రంధ్రం పిల్లలకి చూపించమనండి. పైన మేస్తున్న ఆవు దాంట్లోంచి లోపల పడిందని, దాన్ని వెతుకుతూ వచ్చి గుహని కనుగొన్నారని స్థానిక కథ. కథ ఎలాగున్నా, పైకప్పు కూలి రంధ్రం పడటం అంటే ఏంటో దానికంటే బాగా ఏ పాఠమూ చెప్పదు.

గండికోట లోయ వేరు. అది క్వార్ట్‌జైట్, అంటే గట్టి ఇసుకరాయి. అక్కడ నేల కరిగి కుంగదు, అంచు నుంచి దిమ్మలు రాలతాయి, సెల్ఫీ కోసం అంచుకి వెళ్తే మనుషులూ పడతారు. విజయవాడ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండచరియలు కూడా సున్నపురాయివి కావు, ఖోండలైట్ అనే వేరే రకం రాతి కొండలవి. కొండ ఏ రాయిదైనా, పాదంలో మట్టి తవ్వి ఇల్లు కడితే ప్రమాదం ఒకటే.

బుగ్గవంక రాశారు:

కొత్తపేట అన్నా, ఒక ముఖ్యమైన మాట మరిచినా. గుంత పడగానే మా దగ్గర కొందరు దాంట్లో చెత్త, ముళ్ళకంప, చచ్చిన గొడ్లు వేసేస్తారు. వద్దని చెప్పండి. మామూలు నేలలో నీరు మట్టిలోంచి వడకట్టుకుని పోతుంది. ఇక్కడ ఆ వడపోత ఉండదు, సొరంగంలో పారినట్టే పారుతుంది. ఈ గుంతలో వేసింది అవతల ఊరి బోరులో తేలుతుంది. పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కారణం కూడా తెలీదు.

కాలవగట్టు రాశారు:

పూడ్చడం గురించి అడిగారు కదా. ట్రాక్టరుతో మట్టి తెచ్చి పోస్తే ఒక వానకి మళ్ళీ దిగిపోతుంది. మా గట్ల దగ్గర వాడే ఫిల్టర్ పద్ధతే తిరగేసి వాడాలి. వదులు మట్టి తీసి అడుగున నోరు ఎక్కడుందో చూడాలి. ఆ నోటికంటే పెద్ద బండరాళ్ళు ముందు పేర్చాలి, వాటి మీద చిన్న రాళ్ళు, కంకర, ముతక ఇసుక వరసగా. పై వరస కింది వరస సందుల్లోంచి జారిపోకుండా సైజులు కుదరాలి. అన్నిటి మీద బంకమట్టి గట్టిగా దట్టించి కాస్త గుబ్బగా వదలాలి, వాన నీరు పక్కకి పోయేట్టు. ఇందులో మనిషిని గుంతలోకి దించే ప్రసక్తే ఉండకూడదు. పొక్లెయిన్ కూడా బరువే, అది ఎక్కడ నిలబడాలో చూసినవాళ్ళు చెప్పాలి.

రాతిపొరలు రాశారు:

కాలవగట్టు గారి పద్ధతే సరైనది. ఒక్క చేర్పు. గుంత పెరగడం ఆగిందని తేలాకే ఆ పని. ఈలోగా చేయాల్సింది గుంతకి ఎగువన మట్టి కట్ట వేసి వాన నీరు అటు రాకుండా మళ్ళించడం.

తోటలో ఇంకెక్కడ ఖాళీలున్నాయో తెలుసుకోడానికి నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే సర్వే ఉంది, బోర్లకి పాయింట్లు పెట్టేవాళ్ళు వాడే పద్ధతికి పెద్ద రూపం. భూగర్భజల శాఖ జిల్లా కార్యాలయంలో అడగండి. కొబ్బరికాయ పట్టుకుని పాయింటు పెట్టేవాళ్ళ మాట మీద మాత్రం ఇల్లు ఎక్కడ కట్టాలో తేల్చుకోవద్దు.

రెవెన్యూ_సహాయకుడు రాశారు:

పరిహారం సంగతి ఎవరూ రాయలేదు. కేంద్రం విపత్తు సహాయ నిధికి నోటిఫై చేసిన 12 విపత్తుల్లో తుపాను, వరద, కరువు, భూకంపం, కొండచరియలు లాంటివి ఉన్నాయి. భూమి కుంగడం ఆ జాబితాలో లేదు. అయితే రాష్ట్రం స్థానికంగా గుర్తించిన విపత్తులకి ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ నిధి)లో 10 శాతం దాకా వాడుకునే వీలుంది. అందుకని దరఖాస్తులో ఉత్త 'భూమి కుంగింది' అని కాకుండా, ఏ వానకి, ఏ తేదీన, ఏమేం పోయిందో రాసి తహసీల్దారుకి ఇవ్వండి. పంచనామా రాయించండి. కౌలు కార్డు ఉంటే జత చేయండి. కౌలు రైతు పేరు కాగితం మీద లేకపోతే డబ్బు భూయజమానికి పోతుంది, ఇది చాలా చోట్ల జరుగుతోంది. ఎదురుగా ఒక కర్ర నిలబెట్టి రోజూ ఒకే చోట నుంచి ఫోటో తీయించండి, గుంత పెరిగిందో లేదో దానితో తెలుస్తుంది, ఫైలుకీ పనికొస్తుంది.

కొత్తపేట_కొబ్బరితోట రాశారు:

అందరికీ చాలా థాంక్సండి. తొట్టి ఖాళీ చేశారు. ఎగువన మట్టి కట్ట వేశారు. తాడు కట్టి, తాడుకి ఎర్ర గుడ్డ పీలికలు కట్టారు. దరఖాస్తు ఇచ్చారు, కౌలు కార్డు జిరాక్సు జత చేశారు. కర్ర పెట్టి ఫోటోలు తీస్తున్నారు. పడమటి అంచు ఇంకాస్త జారింది, మిగతా మూడు వైపులా అలాగే ఉంది. అక్కయ్య వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. అమ్మ ఇక్కడ ఫిల్టర్ పాయింట్ బకెట్ చూసింది, ఇసుక లేదు.

ఒక చివరి ప్రశ్న. చెట్లకి నీళ్ళు కావాలి. బావగారు తోట రెండో చివర కొత్త బోరు వేస్తానంటున్నారు, ఇంకా లోతుకి. వేయొచ్చా?

రాతిపొరలు రాశారు:

ఇప్పుడప్పుడే వద్దు. పడమటి అంచు ఇంకా జారుతోందంటే కింద మట్టి కదలిక ఆగలేదు. అదే తోటలో ఇంకా లోతు బోరు వేసి తోడితే నీటిమట్టం మరింత దిగి, కొత్త చోట కుంగే వీలుంది. సర్వే అయ్యేదాకా ట్యాంకరుతో గానీ, పక్క రైతు బోరు నుంచి పైపుతో గానీ డ్రిప్‌కి అందించమనండి. ఖర్చే, కానీ ఈ కాపు వరకే. నీరు తెచ్చే పైపు గుంతకి పశ్చిమం వైపు నుంచి వేయొద్దు, తూర్పు గట్టు మీదుగా తిప్పండి. జాయింట్లు కారకుండా రోజూ చూసుకోమనండి. సర్వే కాగితం వచ్చాక ఇక్కడే పెట్టండి, పాయింటు ఎక్కడ పెట్టొచ్చో చూసి చెప్తాను.